పండులో రత్నం - మౌనంలో మోసం

ప్రతిదినం ఒక భిక్షువు రాజసభకు వచ్చి, రాజు చేతిలో ఒక పండు పెట్టి, ఏమీ కోరకుండా వెళ్ళిపోయేవాడు. రాజు ఆ పండును కోశాధికారికి అందించేవాడు. ఈ విధంగా పది సంవత్సరాలు గడిచినవి. ఒకనాడు పెంపుడు కోతి ఆ పండును కొరకగా అందులోనుండి వెలలేని రత్నమొకటి రాలిపడినది. ఈతనికి కావలసినదేమిటని అడగవలెనని రాజుకు తోచినది అప్పుడే. పదకొండవ శతాబ్దంలో సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరంలో ఆ రాజు త్రివిక్రమసేనుడు, ఆ భిక్షువు క్షాంతిశీలుడు. తెలుగు పిల్లలకు మాత్రం ఆ రాజు ఎన్నటికీ విక్రమార్కుడే.

ఆ తరువాతి కథ అందరూ ఎరిగినదే. కృష్ణ చతుర్దశి రాత్రి శ్మశానానికి రమ్మని భిక్షువు కోరినాడు. చెట్టుకు వ్రేలాడుతున్న శవాన్ని భుజాన వేసుకొని తెమ్మన్నాడు. తేవటమంటే ఊరకే తేవటం కాదు. నోరు మెదపరాదు, మాట జారితే శవం తిరిగి చెట్టెక్కుతుంది. భిక్షువు అసలు సంకల్పం రాజును బలియిచ్చి విద్యాధరులకు అధిపతి కావటం. పది సంవత్సరాల రత్నాలు భక్తితో ఇచ్చినవి కావు. బలిపశువుకు చూపిన పచ్చగడ్డి.

ఈ కథలోని ఒక విశేషాన్ని మన పెద్దలు పదే పదే చెప్పినా, మనం అంతగా గమనించినట్లు కనబడదు. భిక్షువు కోరినది మౌనం. రాజును కాపాడినది ప్రశ్న. భయంకరుడుగా కనిపించే బేతాళుడు దారి పొడవునా కథలు చెప్పి, ప్రతి కథ చివర ఒక చిక్కుప్రశ్న వేసి, రాజు చేత మాట్లాడించి, ఆ భిక్షువు పని జరగకుండా ఆలస్యం చేస్తాడు. తుదకు ఆ కపటి గుట్టు విప్పినదీ, సాష్టాంగ ప్రణామం చేయమన్నప్పుడు ‘నాకు తెలియదు, చేసి చూపించు’ అని అడగమని ఉపాయం చెప్పినదీ ఆ బేతాళుడే. సాధువేషం ధరించినవాడు హంతకుడైనాడు, పిశాచరూపంలో ఉన్నవాడు హితుడైనాడు. వేషాన్ని చూచి మనిషిని నిర్ణయించరాదని, నోరు కట్టేసేవాడు ఒకడు, నోరు విప్పించేవాడు మరొకడు అని గుర్తించవలెనని ఈ కథ తాత్పర్యం.

వేయి సంవత్సరాలనాటి ఈ కథను ఇప్పుడు తలచుకోవటానికి కారణం లేకపోలేదు. హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత, హైటెక్ సిటీ చుట్టూ ఒక కొత్త నగరమే వెలసినది. కూకట్‌పల్లికి ఆవల చెరువు ఒడ్డున ఉన్న ప్రగతి నగర్ వంటి కాలనీలు ఆ నగరంలో పనిచేసేవారి నివాసాలు. అపార్టుమెంట్లలో తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగస్థులు. తాతయ్యలు, అమ్మమ్మలు చాలామందికి ఎక్కడో కృష్ణా తీరంలోనో, కరీంనగరం వైపునో ఉన్నారు. సాయంకాలం బడినుండి వచ్చిన పిల్లవాడికి కథ చెప్పే బాధ్యతను చేతిలోని తెర స్వీకరించినది. ఆ తెర కూడా ప్రతిదినం ఒక పండు ఇస్తుంది, ఏమీ కోరనట్లే కనిపిస్తుంది. ఆ పండులో రత్నమున్నదా, మరేమైనా ఉన్నదా అని చూచే తీరిక పెద్దలకు లేదు.

చిత్రమేమంటే, ఆ తెరమీద పిల్లలు ఇష్టపడి చూచే కథలలో కొన్ని ఈ శంకను గురించే ఉన్నవి. పిల్లలకు వినోదం పంచే ఒక సంస్థ, బయటికి రంగురంగుల బొమ్మలు, లోపల క్షుద్రారాధన: ఈ ఇతివృత్తం ఇటీవలి పాశ్చాత్య కల్పనలో ఒక ప్రత్యేక శాఖగా పెరిగినది. 1982లో వచ్చిన ‘హాలోవీన్’ మూడవ చిత్రంలో సిల్వర్ షామ్రాక్ అనే బొమ్మ ముసుగుల కంపెనీ ఉన్నది. దాని ప్రకటన టెలివిజన్‌లో రోజులు లెక్కపెడుతూ పిల్లలను ఊరిస్తుంది. ప్రతి ముసుగులోను ప్రాచీన శిలల తునక దాగి ఉన్నది. పండుగనాటి రాత్రి ముసుగు ధరించి తెర ముందు కూర్చున్న పిల్లలందరినీ ఒక పురాతన బలికాండకు అర్పించటమే యజమాని ఉద్దేశం. ఆ మరుసటి సంవత్సరం, 1983లో, రోఆల్డ్ డాల్ రచించిన ‘ది విచెస్’ వెలువడినది. అందులో మంత్రగత్తెలు సమావేశమైనది పిల్లలపై క్రూరత్వాన్ని నివారించే రాజ సంఘం పేరిట! ఇంగ్లండు అంతటా మిఠాయి దుకాణాలు తెరచి, మందు కలిపిన చాక్లెట్లతో పిల్లలందరినీ చిట్టెలుకలుగా మార్చటం వారి పథకం. 2021 నుండి భాగాలుగా వస్తున్న ‘పాపీ ప్లేటైమ్’ అనే వీడియో ఆటలో ఒక మూతబడిన బొమ్మల కర్మాగారం ఉన్నది. అక్కడ అనాథ బాలలపై జరిగిన ఘోరాలు ఒక్కొక్కటిగా బయటపడతవి. 2024లో వచ్చిన మూడవ భాగంలోనైతే ఒక బొమ్మ మరొక అదృశ్యశక్తిని దైవంగా కొలుస్తూ కనిపిస్తుంది.

ఇటువంటివి మన సంప్రదాయానికి పరాయివని, పిల్లల మనస్సులను పాడుచేస్తవని కొందరు ఉపాధ్యాయులు భావిస్తారు. ఆ బొమ్మల వికృతరూపాలు చిన్నపిల్లలకు తగినవి కావన్నది నిజమే. కాని ఇతివృత్తం మాత్రం పరాయిది కాదు. మధిర సుబ్బన్న దీక్షితులు కూర్చిన కాశీమజిలీ కథలనుండి ప్రేరణ పొంది, 1951లో విజయావారు నిర్మించిన ‘పాతాళభైరవి’ని స్మరించుకొంటే చాలును. కె. వి. రెడ్డి దర్శకత్వంలో, పింగళి నాగేంద్రరావు రచనతో వచ్చిన ఆ చిత్రంలో నేపాళ మాంత్రికుడు తోట రాముడికి చూపినది ధనం. రాకుమారిని పెండ్లాడవలెనంటే ధనం కావలె. ధనం కావలెనంటే తన వెంట గుహకు రావలె. మాంత్రికునికి కావలసినది మాత్రం దేవికి బలి యివ్వటానికి ఒక సాహసవంతుడైన యువకుడు. మొసలి రూపం వీడిన కాంత ఆ రహస్యం చెప్పటంతో రాముడు మేల్కొంటాడు, మాంత్రికుడే బలి అవుతాడు. ఎస్. వి. రంగారావు నటించిన ఆ పాత్రను చూచి భయపడిన పిల్లలే ఆ చిత్రాన్ని మళ్ళీ మళ్ళీ చూచినారు. భయం వారిని పాడుచేయలేదు. గుట్టు తెలిసినవాడు గెలుస్తాడన్న ధైర్యాన్ని వారిలో నింపినది.

బాలనాగమ్మ కథ కూడా ఇటువంటిదే. బుర్రకథగాను, నాటకంగాను ఊరూరా తిరిగి, 1942లో జెమిని సంస్థ ద్వారా వెండితెరకు ఎక్కిన ఆ కథలో మాయావి బిచ్చగాని వేషంతో వాకిట నిలుస్తాడు. అతని కోటలో బందీగా ఉన్న బాలనాగమ్మకు విముక్తి కలిగినది కత్తి వల్ల మాత్రమే కాదు. వాని ప్రాణం ఎక్కడ దాగి ఉన్నదన్న రహస్యాన్ని వాని నోటనే చెప్పించటం వల్ల, ఏడు సముద్రాల ఆవలి చిలుక జాడ కొడుకు బాలవర్ధికి తెలిసినది. ఇక్కడ కూడా తాళం చెవి ప్రశ్నే.

1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి ప్రారంభించిన ‘చందమామ’ ఈ పరంపరను ఇల్లిల్లూ చేర్చినది. బేతాళుని మూలకథలు పాతికతో ముగిసినవి. కాని చందమామలో కొత్త బేతాళకథలు దశాబ్దాల తరబడి సాగినవి. 1952 నుండి 1980 వరకు ఆ పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు పిల్లల బుద్ధిని తక్కువగా అంచనా వేయలేదు. కత్తి చేతబట్టి, శవాన్ని భుజాన వేసుకొని నడిచే విక్రమార్కుని రూపాన్ని చిత్రకారుడు శంకర్ కుంచె మూడు తరాల కన్నుల్లో నిలిపినది. ప్రతి మాసం ఆ కథ ఒక ప్రశ్న వద్ద ఆగేది. పుట త్రిప్పకముందు తన సమాధానం తాను ఆలోచించుకొనే అలవాటు పిల్లవానికి తెలియకుండానే అలవడేది. ఆ పత్రిక ఇప్పుడు లేదు. ఆ అలవాటు పోకుండా చూడవలసిన భారం బడిమీద పడినది.

అదే హైదరాబాదులో, గ్రీన్ గోల్డ్ సంస్థలో 2008లో రూపుదిద్దుకొన్న ‘ఛోటా భీమ్’ను దేశమంతటా పిల్లలు ఎరుగుదురు. 2012లో వచ్చిన దాని చలనచిత్రంలో సోనాపురంలో బంగారమున్నదని ఆశచూపి, రాజును ఎడారికి రప్పించి, బంధితుడైన దమ్యాన్ అనే దుష్టశక్తిని విడిపించుకోవటమే పరిచారకుల ఎత్తు. క్షాంతిశీలుని రత్నం, మాంత్రికుని ధనం, దమ్యాన్ బంగారం - మూడింటికీ మూలం ఒకటే. పాత కథ చచ్చిపోలేదు; వేషం మార్చుకొన్నది.

ఇవన్నీ కల్పనలే గదా, నిజజీవితంలో ఇటువంటివి జరుగునా అని అడగవచ్చును. జరిగినవి. 1968లో కాలిఫోర్నియాలో డేవిడ్ బెర్గ్ స్థాపించిన ‘చిల్డ్రన్ ఆఫ్ గాడ్’ అనే శాఖ అనేక దేశాలకు విస్తరించినది. పాటలు, నవ్వులు, వీధుల్లో పిల్లల గానబృందాలు - ఇది బయటి రూపం. పిల్లల పాటల వీడియోలను కూడా ఆ సంస్థ తయారుచేసి బయటివారికి అమ్మినది. లోపల, దాని నాయకుని బోధల నీడలో, పిల్లలపైననే ఘోరమైన అకృత్యాలు జరిగినవని 1995లో ఇంగ్లండు న్యాయస్థానం ఒక సుదీర్ఘమైన తీర్పులో స్పష్టపరచినది. ఆ వీడియోలు చూచిన తల్లిదండ్రులకు అనుమానం కలగకపోవటంలో ఆశ్చర్యం లేదు. బయటివారు అడిగితే ఏమి చెప్పవలెనో, ఏమి చెప్పరాదో లోపలి పిల్లలకు ముందుగానే నేర్పేవారు. క్షాంతిశీలుడు రాజుకు పెట్టిన షరతే ఇది - నోరు విప్పరాదు.

అయితే ఇక్కడ మరొక ప్రమాదాన్ని విస్మరించరాదు. మోసం ఎంత నిజమో, మోసమున్నదన్న భ్రాంతి కూడా అంత అనర్థదాయకం. 1983లో అమెరికాలో, లాస్ ఏంజెలిస్ సమీపంలోని మన్‌హాటన్ బీచ్‌లో, ఒక శిశుపాఠశాలలో రహస్యంగా సైతానుపూజ జరుగుతున్నదన్న వదంతి పుట్టినది. వందలకొలది పిల్లలను పిలిచి ప్రశ్నించినారు. ప్రశ్నించిన తీరు ఎట్టిదంటే, సమాధానం ప్రశ్నలోనే ఉండేది. పిల్లవాడు ‘లేదు’ అంటే మళ్ళీ అడిగేవారు, ‘అవును’ అంటే మెచ్చుకొనేవారు. భూగర్భ సొరంగాల కథలు బయలుదేరినవి. ఆ దేశ చరిత్రలో అత్యంత సుదీర్ఘమైన విచారణలలో ఒకటిగా సాగి, 1990లో ఎవ్వరికీ శిక్ష పడకుండానే ఆ వ్యాజ్యం ముగిసినది. ఈలోగా కొందరి జీవితాలు బుగ్గి అయినవి. తమకు జరగనిదానిని జరిగినదని నమ్మిన పిల్లలకు కలిగిన క్షోభ లెక్కకు అందనిది.

అంత దూరం పోనక్కరలేదు. 2018 మే మాసంలో పిల్లలను ఎత్తుకొనిపోయే ముఠాలు తిరుగుతున్నవన్న పుకారు వాట్సాప్ ద్వారా తెలుగునాట దావానలంలా వ్యాపించినది. అపరిచితుడు కనబడితే చాలు, గుంపు చేరి కొట్టటమే. తెలంగాణ పల్లెల్లోనే గాక హైదరాబాదు పాతనగరంలో కూడా నిరపరాధుల ప్రాణాలు పోయినవి. ఆ సమయంలో జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి చేసిన పని చిరస్మరణీయం. ఆమె జానపద గాయకులను, గ్రామాలకు కేటాయించిన పోలీసులను ఊరూరా పంపి, పాటలతో డప్పులతో ఆ పుకారు నిజం కాదని ప్రజలకు నచ్చజెప్పించినారు. కథతో వచ్చిన విషానికి పాటయే విరుగుడైనది. వచ్చిన సందేశాన్ని ఎవరు పంపినారు, ఎప్పుడు తీసిన చిత్రమిది, ఏ ఊరిది అని అడగటం జనం నేర్చుకొన్నారు. అది కూడా బేతాళుని పాఠమే.

మన పాత కథలలో ఉన్న ఒక లోపాన్ని ఈ సందర్భంలో చెప్పుకోక తప్పదు. వాటిలో మాయావి ఎప్పుడూ పరాయివాడే: ఒకచోట నేపాళం వాడు, ఒకచోట ఫకీరు, మరొకచోట మరాఠీ. ఆ కాలపు భయాలకు ఆ పేర్లు గుర్తులు. కాని నేటి బాలునికి ఆ పేర్లను యథాతథంగా అందిస్తే, ఆపద ఎల్లప్పుడు దూరంనుండి వస్తుందనీ, పరభాషవాడు, పరమతంవాడు అపాయకరుడనీ తప్పుడు బోధ కలుగుతుంది. వాస్తవం దీనికి విరుద్ధం. 2007లో కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి శాఖ ప్రకటించిన అధ్యయనంలో, పిల్లలపై లైంగిక దౌర్జన్యం చేసినవారిలో దాదాపు సగం మంది ఆ పిల్లలకు తెలిసినవారు, వారి నమ్మకాన్ని పొందినవారే అని తేలినది. మాయల మరాఠీ వాకిట నిలిచే బిచ్చగాడే కానక్కరలేదు. ఇంటివాడు కావచ్చును, ట్యూషన్ చెప్పేవాడు కావచ్చును, వ్యాను నడిపేవాడు కావచ్చును, గౌరవనీయుడైన గురువు కూడా కావచ్చును. ఏ జాతివాడు, ఏ మతంవాడు అన్నది గుర్తు కాదు. ‘ఈ సంగతి ఎవరికీ చెప్పకు’ అన్న మాటయే గుర్తు.

పుట్టినరోజు కానుకను ముందుగా చెప్పకుండా దాచిపెట్టటం వేరు. అది రేపో ఎల్లుండో అందరికీ తెలిసి, అందరినీ నవ్వించే గుట్టు. ఎన్నటికీ చెప్పరాదని, చెబితే అమ్మకు కీడు జరుగుతుందని బెదిరించి దాచమనే గుట్టు వేరు. ఈ రెండింటి భేదం ఆరు సంవత్సరాల బాలునికైనా అర్థమవుతుంది, చెప్పేవారు ఉంటే. ఉపన్యాసంగా చెబితే వాడు వినడు. కథగా చెబితే మరచిపోడు.

ఉపాధ్యాయులు చేయదగిన పని చిన్నది, ఖర్చులేనిది. వారానికి ఒక తరగతిలో ఒక బేతాళకథ చదివి, ప్రశ్న దగ్గర ఆపవలె. సమాధానం వెంటనే చెప్పరాదు. ఒకడు ఒకటి చెబితే, ఎందుకట్లా అనుకొన్నావని అడగవలె. మరొకడు కాదంటే వానినీ విననివ్వవలె. తప్పు చెప్పినవానిని ఎగతాళి చేయరాదు, ఏలయనగా నేడు తప్పు జవాబుకు నవ్వులపాలైన పిల్లవాడు రేపు నిజమైన కష్టం చెప్పటానికి నోరు తెరవడు. అడిగేవాడు తనకు కావలసిన జవాబును పిల్లవాని నోట పెట్టరాదు. మన్‌హాటన్ బీచ్‌లో జరిగిన పొరపాటు అదే. పిల్లలు చూచే ఆటలను, చిత్రాలను నిషేధించటంకంటె, ఆ కంపెనీ ఏమి ఇస్తున్నది, బదులుగా ఏమి కోరుతున్నది, ఎవరికి తెలియకుండా కోరుతున్నది అని వారిచేతనే చెప్పించటం మేలు. ప్రగతి నగర్‌లోని బాలుడు బొమ్మల కర్మాగారం కథ చెబుతాడు, పల్లెలోని బాలిక పాతాళభైరవి కథ చెబుతుంది. రెండింటిలోను ఒకే ఎత్తు ఉన్నదని వారే కనిపెడతారు. అట్లా కనిపెట్టినప్పుడు వారి ముఖాల్లో కలిగే కాంతి ఏ పరీక్ష మార్కులకూ తీసిపోదు.

ఇక ఒక పిల్లవాడు నిజంగానే నోరు విప్పినప్పుడు ఉపాధ్యాయునికి చట్టం కూడా ఒక కర్తవ్యం విధించినది. లైంగిక నేరాలనుండి బాలల రక్షణకు 2012లో చేసిన పోక్సో చట్టం ప్రకారం, అటువంటి నేరం జరిగినదని తెలిసినవారు పోలీసులకు తెలియజేయటం విధి. బడి పరువు పోతుందని దాచటం నేరం. 1098 అనే బాలల సహాయ ఫోను సంఖ్య ప్రతి తరగతి గోడమీద వ్రాసి ఉండవలె. పరువు పేరిట పెద్దలే మౌనం విధిస్తే, క్షాంతిశీలునికి, మనకు భేదమేమున్నది?

పిల్లలకు భయం లేని లోకాన్ని సృష్టించి ఇవ్వటం ఏ తరానికీ సాధ్యం కాలేదు. మన పూర్వులు అందుకు ప్రయత్నించలేదు కూడా. శ్మశానాన్ని చూపినారు, శవాన్ని భుజాన ఎక్కించినారు, దానితోపాటు ఒక మాట్లాడే తోడును కూడా ఇచ్చినారు. ఆ తోడు ఇంటిలో తాతయ్య కావచ్చును, బడిలో పంతులుగారు కావచ్చును, చదివే పుస్తకం కావచ్చును. పిల్లవాడు చీకటిలో నడుస్తున్నప్పుడు ప్రక్కన ఒక గొంతు వినబడుతూ ఉండవలె, ఆ గొంతు అడిగినప్పుడు జవాబు చెప్పటానికి వాడు జంకరాదు. మిగిలిన దారి విక్రమార్కుని వలె వాడే నడుస్తాడు.